మన ఊరి వ్యాపారానికి వెబ్‌సైట్ చేసిపెట్టడం ఎలా? డెల్టాలో డిజైన్ స్టూడియో పెట్టేవాళ్ల కోసం

అమలాపురంలోనో, భీమవరంలోనో, రావులపాలెం సెంటర్లోనో ఒక గది అద్దెకు తీసుకుని, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి వెబ్ డిజైన్, బ్రాండింగ్ పని మొదలుపెట్టాలనుకుంటున్నారా? ఇది మీకోసమే రాస్తున్నాను. కోడింగ్ ఇక్కడ చెప్పను, దాన్ని నేర్పే వీడియోలు తెలుగులోనే బోలెడు ఉన్నాయి. పూతరేకుల దుకాణం, కడియం నర్సరీ, నరసాపురం లేసు అల్లేవాళ్ల సంఘం, గోదారి గట్టున హోమ్‌స్టే లాంటివి మీ దగ్గరకు వచ్చినప్పుడు మొదటి మాట నుంచి పాస్‌వర్డ్‌లు అప్పజెప్పేదాకా ఏ పని తర్వాత ఏ పని చేయాలో చెప్తాను.

ఒక సంగతి ముందే అనుకుందాం. మన దగ్గర వ్యాపారాలకు పేరు లేక కాదు. ఆ పేరు చుట్టుపక్కల పది ఊళ్లకు తెలుసు, చుట్టాలకు తెలుసు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఫోన్ చూస్తున్న మనిషికి తెలియదు. ఊళ్లో అందరికీ తెలిసిన ఆ మంచిని, ఊరు తెలియని మనిషి కూడా నిమిషంలో నమ్మేలా చూపించాలి. స్టూడియో పని అదే. లేని గొప్పలు అతికించడం మన పని కాదు, దాన్ని ఒప్పుకోవద్దు కూడా.

మొదటి పని: కొట్టుకు వెళ్లి కూర్చోండి

ల్యాప్‌టాప్ తీయొద్దు. ఒక నోటుపుస్తకం పట్టుకుని, బేరం బాగా ఉండే పూట వెళ్లి కూర్చోండి. యజమానికి వచ్చే ఫోన్లు వినండి. కొనేవాళ్లు ఏం అడుగుతున్నారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

పూతరేకుల కొట్టులో అయితే ఇలాంటివి వినిపిస్తాయి. "బెల్లంవి ఉన్నాయాండీ, పంచదారవేనా?" "ఆవు నెయ్యేనా?" "ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి?" "హైదరాబాద్ పంపిస్తే విరక్కుండా వస్తాయా?" "పెళ్లికి ఐదొందలు కావాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి?" నర్సరీలో అయితే మొక్క ఎంత ఎత్తుంది, ఏ సైజు సంచిలో ఉంది, లారీ లోడు కాకుండా తక్కువ మొక్కలు కూడా పంపుతారా అని అడుగుతారు. హోమ్‌స్టేకి ఫోన్ చేసేవాళ్లు కారు ఇంటిదాకా వస్తుందా, భోజనం ఇంట్లో వండేదేనా, ఆడవాళ్లమే నలుగురం వస్తున్నాం ఫర్వాలేదా అని అడుగుతారు.

మీరు కట్టబోయే సైట్‌కు ఈ ప్రశ్నలే పునాది. వీటికి సూటిగా జవాబు చెప్పే సైట్‌కు ఐదు పేజీలు చాలు. వీటికి జవాబు లేకపోతే యాభై పేజీలున్నా ఆ మనిషి మళ్లీ ఫోనే చేస్తాడు, లేదా వేరే కొట్టుకు పోతాడు.

తర్వాత యజమానిని మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు మొదలుపెట్టారండీ? తయారీ ఎవరి చేతి మీద జరుగుతుంది? పక్కనే ఇన్ని కొట్లుండగా జనం మీ దగ్గరకే ఎందుకు వస్తారు? మూడో దానికి చాలామంది నవ్వేసి, "అందరికీ తెలుసు బాబూ, మాది పాత కొట్టు" అంటారు. అక్కడితో వదిలేయొద్దు. బయట నిలబడి ఉన్న పాత ఖాతాదారుని అడగండి. "వీళ్లు నెయ్యి దగ్గర పీనాసితనం చూపించరండీ" అని ఆయన అన్న ఒక్క మాట, "నాణ్యతే మా ధ్యేయం" అనే వాక్యం కన్నా ఎంతో విలువైంది. "1950 నుంచి" లాంటి ఏడాది వేయాలంటే మాత్రం పాత లైసెన్సో, రసీదో, ఫోటోనో చూశాకే వేయండి.

రెండు పేజీల ఒప్పందం

దీన్ని క్లుప్తంగా చెప్తాను, కానీ దాటేయొద్దు. ఎన్ని పేజీల సైట్, ఏయే భాషల్లో, ఫోటోలు ఎవరు తీస్తారు, మార్పులు ఎన్నిసార్లు ఉచితం, డబ్బు ఎన్ని విడతల్లో, ఏటా కట్టాల్సిన ఖర్చు ఎంత అన్నవి తెలుగులో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. తెలిసినవాళ్లే కదా అని మొహమాటపడితే తర్వాత బంధుత్వం కూడా చెడుతుంది. ఏటా అయ్యే ఖర్చును విడిగా చూపించడం అన్నిటికన్నా ముఖ్యం. డొమైన్ పేరు, అంటే సైట్ చిరునామా, మొదటి ఏడాది చవకగా ఇచ్చి రెండో ఏడాది ఎక్కువ వసూలు చేసే కంపెనీలే ఎక్కువ. యజమానికి ఆ లెక్క ముందే తెలియాలి.

పేరు

గోదావరి, కోనసీమ, ఆత్రేయపురం, శ్రీ సత్యనారాయణ, శ్రీ లక్ష్మీనరసింహ. మన దగ్గర సగం బోర్డుల మీద ఉండే పేర్లివి. ఊళ్లో ఇబ్బంది లేదు, ఎందుకంటే జనం బోర్డు చూసి కాకుండా మనిషిని చూసి వస్తారు. ఫోన్లో వెతికేటప్పుడు అదే పేరు మీద పది కొట్లు కనిపిస్తాయి. దుకాణం పేరు మార్చమని చెప్పకండి, అది వాళ్ల సెంటిమెంటు, దాన్ని గౌరవించాలి. ఆ పేరుకు ఇంటిపేరో, వీధి పేరో, మొదలుపెట్టిన అమ్మమ్మ పేరో తోడు చేస్తే విడిగా తెలుస్తుంది.

ట్రేడ్‌మార్క్ విషయంలోనూ ఇదే చిక్కు వస్తుంది. వట్టి ఊరి పేరును, సరుకు పేరును ఒక్కరి సొంతంగా నమోదు చేయించుకోవడం 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం కష్టం. "కోనసీమ స్వీట్స్" లాంటి పేరుకు అభ్యంతరం వస్తుంది. ప్రత్యేకమైన పేరైతే ఒక్కో తరగతికి (అంటే ఒక్కో రకం సరుకుకు), వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 4,500 రూపాయలు. నమోదైతే 10 ఏళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. మిఠాయిలు 30వ తరగతిలోకి, బట్టలు 24, 25 తరగతుల్లోకి వస్తాయి. గుండ్రటి గీతలో ఆర్ అక్షరం ఉన్న గుర్తును నమోదు పూర్తయ్యాకే లోగో పక్కన పెట్టాలి. ముందే పెట్టడం నేరం. అందంగా ఉందని డిజైన్‌లో ఇరికించకండి.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. మనందరికీ గర్వకారణమే. కానీ ఆ గుర్తింపును వాడుకునే హక్కు జీఐ చట్టం కింద అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్లకే ఉంటుంది. మీ ఖాతాదారుకు ఆ నమోదు ఉందో లేదో కాగితం చూసి నిర్ధారించుకోండి. లేకపోతే ఆ లోగో వేయకుండా, చెన్నైలోని జీఐ రిజిస్ట్రీకి దరఖాస్తు ఎలా చేయాలో చెప్పి సాయం చేయండి. ఆ గుర్తింపు తెచ్చుకోవడానికి కష్టపడిన తయారీదారుల పట్ల మనకున్న బాధ్యత అది.

డొమైన్ పేరు పొట్టిగా, ఫోన్లో చెప్తే అవతలివాళ్లు తప్పులేకుండా టైప్ చేసుకునేలా ఉండాలి. మీ స్టూడియోలో నలుగురికి చెప్పి టైప్ చేయించి చూడండి. ఇద్దరు తప్పు కొడితే ఆ పేరు వదిలేయండి. డాట్ ఇన్ గానీ డాట్ కామ్ గానీ తీసుకోండి. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా దొరుకుతుంది, దాన్ని రెండో పేరుగా ఉంచుకోవచ్చు. ఇక అసలు మాట: డొమైన్‌ను యజమాని పేరు మీద, యజమాని ఈమెయిల్‌తో, యజమాని ఫోన్ నంబరుతోనే కొనాలి. మీ స్టూడియో ఖాతాలో కొని ఉంచుకోవడం సులువే. కానీ రేపు మీలో ఒకరు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతే, ఆ వ్యాపారం పేరు ఎవరికీ అందకుండా పోతుంది.

బొమ్మల కన్నా ముందు మాటలు

చాలా స్టూడియోలు లోగోతో మొదలుపెడతాయి. నా అభిప్రాయంలో అది తలకిందుల పద్ధతి. మొదట సైట్‌లో ఉండబోయే మాటలన్నీ మామూలు కాగితం మీద రాసి, యజమానికి చదివి వినిపించండి. "ఇది మేం మాట్లాడేటట్టే ఉందండీ" అన్నారంటే కుదిరినట్టే.

పూతరేకుల తయారీ గురించి రాస్తుంటే "సంప్రదాయ పద్ధతిలో తయారైన రుచులు" అని వదిలేయకండి. పొయ్యి మీద తలకిందులుగా పెట్టిన కుండ, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ, దాన్ని వేడి కుండ మీద ఒక్కసారి లాగితే పొరలా వచ్చే రేకు, దాని మీద నెయ్యి, బెల్లం పొడి. ఉన్నది ఉన్నట్టు చెప్తేనే చదివేవాడికి నోరూరుతుంది. ఆ రేకు తీసేది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్ల నేర్పు గురించి ఒక పేరా ఉండాల్సిందే.

తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా అని అడుగుతారు. రెండూ ఉండాలి. అయితే ఒకదానికి మరొకటి తర్జుమాలా కాకుండా, విడివిడిగా రాయండి. తెలుగు పేజీ చదివేవాళ్లకు పూతరేకు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, ఇంగ్లిష్ పేజీలో చెప్పాలి. ఊరి పేర్లు జనం వెతికే రెండు రకాలుగానూ వాడండి. 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయినా, ఫోన్లో రాజమండ్రి అని వెతికేవాళ్లు కోకొల్లలు.

తెలుగు అక్షరాల దగ్గర మన స్టూడియోలు తరచుగా ఇరుక్కునే చోటు ఒకటుంది. ఫ్లెక్సీ షాపులూ, ప్రింటింగ్ ప్రెస్సులూ చాలావరకు ఇప్పటికీ అనూ ఫాంట్లే వాడతాయి. అవి యూనికోడ్ కావు, అంటే ఫోన్లూ సైట్లూ అన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతిలో లేవు. పాత కరపత్రం ఫైలు నుంచి కాపీ చేసి సైట్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకని ఆ మాటలను యూనికోడ్‌లోకి మార్చి, మార్చాక అక్షరం అక్షరం సరిచూడండి. కన్వర్టర్లు వత్తుల దగ్గర పొరపడుతుంటాయి. తెలుగును బొమ్మగా చేసి పెట్టేసే దారి అస్సలు వద్దు. గూగుల్ దాన్ని మామూలు మాటల్లా పట్టుకోలేదు, చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించలేదు, చిన్న తెర మీద అక్షరం కనపడదు.

ఫాంట్లకు కరువు లేదు. సిలికానాంధ్ర అందుబాటులోకి తెచ్చిన మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, మల్లన్న, గిడుగు, పెద్దన లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. నోటో శాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనెక్ తెలుగు కూడా ఉన్నాయి. పేరాలకు మండలి గానీ నోటో గానీ హాయిగా ఉంటుంది. రామభద్ర లాంటి లావు అక్షరం శీర్షికలకే బాగుంటుంది. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరుసకూ వరుసకూ మధ్య ఎడం ఇంగ్లిష్ కన్నా ఎక్కువ కావాలి. అక్షరం ఎత్తుకు 1.6 నుంచి 1.8 రెట్లు పెట్టి చూడండి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ తెలుగుకు వాడొద్దు, ఏటవాలు అక్షరాలూ వద్దు. ఫాంటు ఎంచుకునే ముందు "శ్రీ లక్ష్మీ", "స్త్రీ", "రాష్ట్రం" అని కొట్టి చూస్తే దాని బలం తెలిసిపోతుంది. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టి చూడండి.

లోగో, రంగులు

కొబ్బరిచెట్టు, పడవ, వెనకాల సూర్యుడు. దయచేసి ఈ మూడూ కలిపిన లోగో ఇంకొకటి చేయకండి. కోనసీమలో రిసార్టు నుంచి ట్రావెల్స్ దాకా అదే ఉంది. కొట్టులో మీరు కూర్చున్నప్పుడు మీ కంటపడినవాటిలోంచి గుర్తు వెతకండి. మడతపెట్టిన రేకు అంచు కావచ్చు, లేసులో తిరిగి తిరిగి వచ్చే పువ్వు కావచ్చు, ఇంటి గుమ్మం మీది చెక్కడం కావచ్చు. ఏదీ దొరక్కపోతే పేరునే అందంగా రాయించండి. మంచి చేతిరాతగల బోర్డు పెయింటర్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఒకరి చేత పేరు రాయించి, స్కాన్ చేసి, డబ్బు ఇచ్చి హక్కు రాయించుకుంటే అది మరెవరి దగ్గరా దొరకని లోగో అవుతుంది.

పరీక్ష మూడు చోట్ల పెట్టండి. వాట్సాప్ గుండ్రటి బొమ్మలో గోరంత సైజులో గుర్తుపట్టగలగాలి. అట్టపెట్టె మీద ఒకే రంగు ముద్రలో బాగుండాలి. ఆటో వెనక అతికిస్తే పది అడుగుల దూరం నుంచి చదవగలగాలి. రంగుల విషయానికొస్తే తెర మీద కనిపించే ఆకుపచ్చ ఫ్లెక్సీ మీద అలా రాదు. తెర రంగు సంఖ్య, ప్రింటు రంగు సంఖ్య రెండూ ఒకే కాగితం మీద రాసి యజమానికి ఇవ్వండి. ఆ కాగితమే ప్రెస్సుకూ ఫ్లెక్సీ షాపుకూ వెళ్లాలి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కి 1 ఉండాలని అంతర్జాతీయ సౌలభ్య ప్రమాణం చెప్తుంది. నెట్‌లో ఉచితంగా కొలిచి చూసుకోవచ్చు. లేత పసుపు మీద తెల్ల అక్షరాలు పెడితే ఎండలో నిలబడి ఫోన్ చూసే మనిషికి ఏమీ కనపడదు.

ఫోటోలు

నెట్‌లోంచి తెచ్చిన ఫోటో ఒక్కటి ఉన్నా నమ్మకం పోతుంది. ఫోన్ కెమెరా చాలు, వెలుతురు బాగుండాలి అంతే. పూతరేకుకు ఫ్లాష్ కొడితే తెల్లటి ముద్దలా వస్తుంది. కిటికీ పక్కన ముదురు రంగు గుడ్డ మీద పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా తీస్తే పొర పొరా కనిపిస్తుంది. లేసుకూ అంతే, వెనక ముదురు రంగు ఉంటేనే అల్లిక తెలుస్తుంది. ఒక ఫోటోలో చెయ్యి కూడా ఉంటే వస్తువు ఎంత పెద్దదో చూసేవాడికి అర్థమవుతుంది. పనిచేసేవాళ్ల ఫోటోలు తీసేముందు వాళ్లను అడగండి, యజమాని ఒప్పుకుంటే సరిపోదు. "నా ఫోటో వద్దు బాబూ" అంటే చేతుల వరకే తీయండి.

12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటో 4032 పిక్సెళ్ల వెడల్పుతో, మూడు నాలుగు ఎంబీల బరువుతో వస్తుంది. దాన్ని 1600 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో 200 కేబీ లోపుకు తెచ్చాకే సైట్‌లోకి ఎక్కించండి.

కట్టడం

ముందు ఫోన్ తెరకే గీయండి, కంప్యూటర్ తెర తర్వాత. గూగుల్ కూడా ఇప్పుడు సైట్లను ఫోన్ రూపంలోనే చదివి లెక్కలోకి తీసుకుంటుంది. మొదటి తెరలో ఏం అమ్ముతారు, ఎక్కడ ఉంటారు, ఎలా ఆర్డర్ ఇవ్వాలి అన్న మూడూ వేలు కదపకుండా కనపడాలి. తెర నిండా కదిలే బొమ్మల వరుస పెట్టమని యజమాని అడగొచ్చు. పక్కూరి కొట్టు సైట్‌లో చూసి ఉంటారు. రెండూ చేసి, ఆయన ఫోన్లోనే మొబైల్ డేటా మీద తెరిచి చూపించండి. ఏది ముందు వచ్చిందో ఆయనే చెప్తారు. ప్రధానమైన బొమ్మ గానీ పేరా గానీ 2.5 సెకన్లలో కనపడాలని గూగుల్ కొలత. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఉచితంగా పరీక్షించండి. దానితో ఆగకుండా ఒక చవక ఆండ్రాయిడ్ ఫోన్ పట్టుకుని, సిగ్నల్ సరిగా లేని ఏ లంక గ్రామానికో, కొబ్బరితోట మధ్యకో వెళ్లి సైట్ తెరిచి చూడండి.

పేజీ చిరునామాల్లో తెలుగు అక్షరాలు పెట్టకండి. వాట్సాప్‌లో పంపినప్పుడు శాతం గుర్తులతో పొడవాటి తోకలా మారిపోయి, చూసినవాళ్లు అదేదో మోసం లింకు అనుకుంటారు. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని గుర్తు పెట్టడం మాత్రం మరవొద్దు.

ఆర్డర్లు, డబ్బు, నిబంధనలు

చిన్న వ్యాపారానికి మొదటి రోజే కార్టు, చెకౌట్ (సైట్‌లోనే సరుకు ఎంచుకుని డబ్బు కట్టే ఏర్పాటు) అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టి, సైట్‌లోని ప్రతి వస్తువు కింద వాట్సాప్ బటన్ ఇవ్వండి. నొక్కగానే "బెల్లం పూతరేకులు, 20 కావాలి" అన్న సందేశం ముందే టైప్ అయి ఉండేలా లింకు తయారుచేయవచ్చు. వచ్చే సందేశాలకు ఒక్క మనిషి జవాబు ఇవ్వలేని స్థితి వచ్చినప్పుడు కార్టు గురించి ఆలోచించండి. అప్పుడు పేమెంట్ గేట్‌వే కావాలి. అంటే ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సేవ. ఖాతా తెరిచేముందు ఆ కంపెనీవాళ్లు గోప్యత, రిఫండ్, డెలివరీ, షరతుల పేజీలు ఉన్నాయేమో చూస్తారు. వాటిని ఎక్కడి నుంచో కాపీ కొట్టొద్దు. దారిలో పూతరేకులు విరిగితే ఏం చేస్తారో యజమానిని అడిగి, ఆయన నిజంగా చేసేదే రాయండి. కొరియర్‌లో పంపుతారా, ఆర్టీసీ కార్గోలోనా, అవతల డిపోకు వెళ్లి తెచ్చుకోవాలా అన్నదీ రాయండి.

తినే వస్తువు అమ్మేవాళ్లయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు సైట్‌లో కనపడేలా పెట్టండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు ఇవ్వాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఇది వినగానే కొందరు యజమానులు టెన్షన్ పడతారు. కొట్టు దగ్గరకు వచ్చి గొడవపడే మనిషికి ఆయన ఎలాగూ సర్దిచెప్తున్నారు కదా, అదే పనిని రాతలో పెట్టడమని నచ్చజెప్పండి.

దారి చెప్పడం

మన డెల్టాలో ఇది విడిగా ఒక పని. బయటి స్టూడియోకు ఇది తెలియదు, మీకు తెలుసు. గోదావరి పాయల వల్ల మ్యాప్‌లో పక్కనే కనిపించే ఊరికి వెళ్లాలంటే చుట్టూ తిరగాల్సి వస్తుంది. నరసాపురం గట్టు మీద నిలబడితే వశిష్ఠకు అవతల సఖినేటిపల్లి కనిపిస్తూనే ఉంటుంది. కానీ రేవులో పంటు ఎక్కాలి, లేదా చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. అంతర్వేది దగ్గర గదులు అద్దెకిచ్చే వ్యాపారానికి మ్యాప్ లింకు ఒక్కటే పెట్టి వదిలేస్తే, కుటుంబంతో కారులో వచ్చినవాళ్లు రాత్రిపూట రేవు దగ్గర ఇరుక్కుంటారు.

కాబట్టి "ఎలా రావాలి" అన్న పేజీని మనిషి మాటల్లో రాయండి. అమలాపురానికి ఇంకా రైలు లేదు, కోటిపల్లి–నరసాపురం లైను పనులు నడుస్తూనే ఉన్నాయి. హైదరాబాద్ నుంచి దిండి వచ్చేవాళ్లు పాలకొల్లులో దిగి చించినాడ వంతెన దాటడం మేలు. అమలాపురం వెళ్లేవాళ్లకు రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా రావడం వీలు. ఆఖరి మలుపు దగ్గర గుడి ఉందో, రైసుమిల్లు ఉందో, కాలవ వంతెన ఉందో ఫోటోతో సహా పెట్టండి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్ మ్యాప్‌లో ఆ వ్యాపారం వివరాలు కనిపించే చోటు) గుర్తు సరిగ్గా గుమ్మం మీదే పడిందో లేదో అక్కడికి వెళ్లి చూసుకోండి. ఆ ప్రొఫైల్ ఉచితం. ఇప్పుడు చాలాచోట్ల కొట్టును వీడియో తీసి పంపితే ధ్రువీకరిస్తున్నారు. వీడియోలో బోర్డు, వీధి, లోపల పని మూడూ కనపడేలా తీయండి.

వరదల కాలం సంగతి కూడా ఇక్కడే రావాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. టీవీలో హెచ్చరిక వినగానే బుకింగులన్నీ రద్దయిపోతాయి, మొదటి హెచ్చరికకు ఆ ఇంటి దాకా నీళ్లు రాకపోయినా సరే. ఒక్కో హెచ్చరికకు తమ దారి ఎలా ఉంటుందో, ఎప్పుడు తామే రద్దు చేసి డబ్బు వెనక్కిస్తారో యజమాని నిజాయితీగా చెప్పే చిన్న పేజీ పెట్టండి. ఫోన్ నుంచి ఒక్క నొక్కుతో మార్చగలిగే నోటీసు పట్టీ కూడా పైన ఉంచండి. ప్రమాదం ఉన్నప్పుడు రావొద్దని చెప్పిన ఇంటికి జనం తర్వాత ధైర్యంగా వస్తారు.

బయటికి వదలడం

మన దగ్గర సైట్ పాకేది ఎక్కువగా వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపుల్లోనే. కాబట్టి లింకు పంపినప్పుడు వచ్చే బొమ్మ, దాని కింది వాక్యం మీద శ్రద్ధ పెట్టండి. 1200కి 630 పిక్సెళ్ల బొమ్మ, 300 కేబీ లోపు, మీద అక్షరాలు పెద్దవిగా ఉండాలి. సెర్చ్ కన్సోల్‌లో (సైట్ వెతుకులాటలో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ పనిముట్టు) సైట్‌ను నమోదు చేయండి.

రివ్యూలు కొనొద్దు. ఐదు నక్షత్రాలు ఇస్తే స్వీటు ప్యాకెట్ ఉచితం అని బోర్డు పెట్టడం కూడా గూగుల్ నియమాలకు విరుద్ధం. పార్సిల్ అందినవాళ్లకు మర్యాదగా ఒక సందేశం పంపి అడిగితే చాలు. చెడ్డ రివ్యూ వస్తే దానికి జవాబు ఎలా ఇవ్వాలో యజమానికి నేర్పండి.

కాలం చూసుకుని వదలండి. మిఠాయిలవాళ్లకు సంక్రాంతి ముఖ్యం కాబట్టి డిసెంబరు మొదట్లోకే సైట్ నిలదొక్కుకోవాలి. ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, పంచారామాల్లో నాలుగు మన వైపే ఉన్నాయి. గదులు అద్దెకిచ్చేవాళ్లకు కార్తీకమాసం పెద్ద సీజను. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. వాటికోసం సైట్ కావాలనేవాళ్లు చివరి నెలలో పరిగెత్తుకొస్తారు. మీరే ముందుగా వెళ్లి చెప్పండి.

అప్పజెప్పడం

పని అయిపోయాక యజమాని పక్కన, ఇంట్లో చదువుకున్న కూతురో కోడలో ఉంటే ఆవిడనీ పక్కన కూర్చోబెట్టుకుని, ధర మార్చడం, ఫోటో మార్చడం, నోటీసు పట్టీ పెట్టడం వాళ్ల చేతే చేయించండి. మీరు చేసి చూపిస్తే సరిపోదు. డొమైన్, హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉంచే అద్దె చోటు), గూగుల్ ప్రొఫైల్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీ, అన్నిటికీ యజమానే ప్రధాన అడ్మిన్‌గా ఉండాలి, రెండంచెల భద్రత కోడ్ ఆయన ఫోన్‌కే రావాలి. ఏది ఎక్కడ కొన్నారు, ఏ తేదీకి డబ్బు కట్టాలి అన్నది ఒక పుస్తకంలో తెలుగులో రాసి ఇవ్వండి. పాస్‌వర్డ్‌లు ఆ పుస్తకంలో కాకుండా పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉంచండి. లోగో ఫైళ్లు ప్రెస్సువాళ్లు తెరవగలిగే రూపంలో, పెన్‌డ్రైవ్‌లో ఒకసారి, ఆయన గూగుల్ డ్రైవ్‌లో ఒకసారి పెట్టండి.

ఆ తర్వాత నెలకొకసారి చూసుకునే ఒప్పందం విడిగా చేసుకోండి. బ్యాకప్ తీయడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయడం, లింకులు పనిచేస్తున్నాయో చూడడం, కొత్తగా ఫోన్లో జనం ఏం అడుగుతున్నారో యజమానిని అడిగి ఆ జవాబును సైట్‌లో చేర్చడం అందులోకి వస్తాయి. ఎప్పుడైనా ఆయన వేరే స్టూడియోకు వెళ్తానంటే బాకీ లెక్క చూసుకుని, సైట్ ఫైళ్లన్నీ అదే వారంలో ఇచ్చేయండి. కొత్తవాళ్లు ఫోన్ చేసి ఏదైనా అడిగితే చెప్పండి.